సోషల్ మీడియా వదలకుండా ప్రైవసీ కాపాడుకునే పని: ప్రాజెక్టు డైరీ

సోషల్ మీడియా మానేసే ఉద్దేశం లేదు, అలాగని ఇంటి గుట్టంతా బయట పడెయ్యడమూ ఇష్టం లేదు అనుకునేవాళ్ళ కోసం ఈ డైరీ. ప్రైవసీ గురించి చెప్పేవాళ్ళు చాలామంది "అన్నీ ఆఫ్ చేసెయ్" దగ్గరే ఆగిపోతారు. అన్నీ ఆఫ్ చేశాక ఇంక అక్కడ ఉండి ఏం చెయ్యాలి? నేను మిద్దె తోట ఫోటోలు పెడతాను, మొక్కల గ్రూపుల్లో ఉంటాను, చుట్టాల పిల్లలు ఎదుగుతుంటే చూసి మురిసిపోతాను, ఇవన్నీ నాకు కావాలి. అందుకని ప్రతి సెట్టింగునీ రెండు ప్రశ్నలు అడిగాను: నీవల్ల బయటికి ఏం పోతోంది, నీవల్ల నాకు ఏం దక్కుతోంది. ఏమీ దక్కకుండా ఊరికే పోతున్నవి ముందు మూసెయ్యాలి, దక్కుతూ పోతున్నవి పద్ధతి మార్చి ఉంచుకోవాలి. ప్లాను ఇంతే.

వాడిన సామాను: ఒక స్ప్రెడ్‌షీట్, ఫోను, లాప్‌టాప్, ఫోటో ఫైల్లో దాగి ఉండే వివరాల్ని చదివి తీసేసే ఎగ్జిఫ్‌టూల్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్, ఏ అకౌంట్లోనూ లాగిన్ కాని బ్రౌజర్ విండో. అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఈ చివరిదే.

దశ 1: ఏం పోతోందో లెక్క తియ్యడం

1. ప్రతి ఆప్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి నా డేటా కాపీ ఇమ్మని అడిగాను.
2. ఫోన్లో పర్మిషన్ల పేజీ తెరిచి కెమెరా, మైక్, లొకేషన్, కాంటాక్ట్స్, ఫోటోలు ఏ ఆప్‌కి ఇచ్చానో రాసుకున్నాను.
3. లాగిన్ కాని విండోలో నా పేరు, యూజర్‌నేమ్, ఫోన్ నంబర్ విడివిడిగా వెతికాను.
4. నా సమాచారం బయటికి పోతున్నట్టు కనపడిన ప్రతి దారినీ షీట్లో ఒక వరసగా వేశాను.

డేటా కాపీ అడగడం ఇప్పుడు నాలుగు క్లిక్కుల పని గానీ ఒకప్పుడు అలా లేదు. 2011లో ఆస్ట్రియాలో మాక్స్ ష్రెమ్స్ అనే లా స్టూడెంట్ ఫేస్‌బుక్‌ని తన డేటా ఇమ్మని అడిగితే 1,200 పేజీలకి పైగా వచ్చింది, అందులో తను డిలీట్ చేశాననుకున్నవి కూడా ఉన్నాయి. అది తల్చుకునే నేను సెట్టింగ్స్ పేజీని నమ్మకుండా ముందు ఫైలు తెప్పించుకున్నా. సెట్టింగ్స్ పేజీ చెప్పేది ఇకముందు ఏం జరుగుతుందో, ఫైలు చెప్పేది ఇప్పటికే వాళ్ళ దగ్గర ఏం చేరిందో.

మొదటి అడ్డంకి ఇక్కడే. ఫైలు రెండు రకాలుగా ఇస్తారు, బ్రౌజర్లో తెరిచి చదువుకునే హెచ్‌టీఎమ్‌ఎల్ ఒకటి, ప్రోగ్రాములు చదవడానికి వీలైన జేసన్ ఒకటి. లెక్కలు తియ్యడానికి సులువని జేసన్ తీసుకుంటే ఒక ఆప్ ఇచ్చిన ఫైల్లో నా తెలుగు పోస్టులు, కామెంట్లు అన్నీ పిచ్చి గుర్తులే. సంగతేంటంటే తెలుగులో ఒక్కో అక్షర గుర్తుకీ యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే పద్ధతి) 3 బైట్లు పడతాయి, ఆ ఫైల్లో ఆ మూడు బైట్లనీ మూడు వేరే అక్షరాలుగా రాసి పెట్టారు, కాబట్టి "తోట" అని వెతికితే ఒక్కటీ దొరకదు. వెనక్కి తిప్పే చిన్న స్క్రిప్టు రాసుకోవచ్చు, అంత ఓపిక లేకపోతే చదవడానికి హెచ్‌టీఎమ్‌ఎల్, లెక్కపెట్టడానికి జేసన్, రెండూ తెప్పించుకోండి. తెలుగులో రాసేవాళ్ళకి ఈ తలనొప్పి తప్పదు.

ఒక్కో వరసకి మార్కులు ఇలా వేశాను: ఆ దారి పూర్తిగా ఆగిపోతే నాకు తెలియనే తెలియదు అనుకున్నదానికి 0, కొంచెం వెలితి అనిపిస్తే 1, బాగా వెలితి అయితే 2, ఇది లేకపోతే ఆ ఆప్ ఎందుకు అనిపించేదానికి 3.

లెక్క: మొత్తం వరసలు 38. సున్నా మార్కులు 23, ఒక మార్కు 6, రెండు గానీ మూడు గానీ 9.

ఈ లెక్క చూశాక ప్రాజెక్టు మీద నా అంచనానే మారిపోయింది. ప్రైవసీ కావాలంటే ఎంజాయ్‌మెంట్ వదులుకోవాలి అని అందరం అనుకుంటాం కదా, నా షీట్లో సగానికి పైగా దారుల్లో నాకు ఒరిగేది ఏమీ లేదు, అంటే వదులుకునే మాటే లేదు.

దశ 2: సున్నాలు మూసెయ్యడం

1. కాంటాక్ట్స్ సింక్ (ఫోన్లో ఉన్న నంబర్లని ఆప్‌కి పంపడం) ఆఫ్, ఇంతకుముందు అప్‌లోడ్ అయినవి డిలీట్.
2. ఫోన్ నంబర్‌తో, ఈమెయిల్‌తో నన్ను వెతికే వీలు ఆఫ్.
3. లొకేషన్ అన్ని సోషల్ ఆప్‌లకీ ఆఫ్, ఎక్కడైనా తప్పదంటే "సుమారు లొకేషన్" మాత్రమే.
4. ఫోటోలకి పూర్తి యాక్సెస్ తీసేసి ఎంచుకున్న ఫోటోలు మాత్రమే ఇవ్వడం.
5. సోషల్ అకౌంట్‌తో లాగిన్ అయిన పాత ఆప్‌లు, క్విజ్‌లు అన్నీ తీసెయ్యడం.
6. రెండో దశ వెరిఫికేషన్ ఎస్‌ఎమ్‌ఎస్ నుంచి, ఫోన్లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ ఆప్‌కి మార్చడం.

ఒకటో నంబరులో రెండు పనులు ఎందుకు రాశానంటే, సింక్ ఆఫ్ చెయ్యడం వేరు, ఇప్పటికే వెళ్ళిపోయిన లిస్టు తీసెయ్యడం వేరు. టాగుల్ ఆఫ్ చేసి మళ్ళీ డేటా ఫైలు తెప్పిస్తే నా కాంటాక్ట్స్ అందులో అలాగే కూర్చుని ఉన్నాయి. "అప్‌లోడ్ చేసిన కాంటాక్ట్స్ నిర్వహించండి" లాంటి ఇంకో పేజీకి వెళ్ళి డిలీట్ ఆల్ కొట్టాకే తర్వాతి ఫైల్లో పోయాయి. కాబట్టి ఏది మార్చినా ఫైలు ఇంకోసారి తెప్పించి సరిచూసుకోండి.

రెండో నంబరు చిన్నదిగా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో అదే పెద్దది. 2021లో 53.3 కోట్ల ఫేస్‌బుక్ అకౌంట్ల ఫోన్ నంబర్లు, వివరాలు నెట్‌లో పడ్డాయి. కాంటాక్ట్స్‌తో ఫ్రెండ్స్‌ని వెతుక్కునే సదుపాయాన్నే వాడి 2019 సెప్టెంబరుకి ముందు లాగిన డేటా అది అని కంపెనీ చెప్పింది. పాస్‌వర్డులు పగలగొట్టాల్సిన అవసరమే రాలేదు, నంబర్ ఇస్తే మనిషిని చూపించే దారి తెరిచి ఉంది, అంతే.

ఐదో నంబరుకి కారణం 2018లో బయటపడ్డ కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ, ఒక క్విజ్ ఆప్ ద్వారా ఫేస్‌బుక్ వాడేవాళ్ళ డేటా ఆ పేరున్న ఎన్నికల ప్రచార కంపెనీకి చేరింది. ఆ క్విజ్ ఆప్‌ని వేసుకున్నది దాదాపు 2.7 లక్షల మంది, డేటా వెళ్ళి ఉండొచ్చని ఫేస్‌బుక్ చెప్పింది 8.7 కోట్ల మందిది, మిగతావాళ్ళంతా వాళ్ళ ఫ్రెండ్సే. ఇప్పుడు ఆ దారి లేదు గానీ పాత ఆప్‌లు లిస్టులో ఉంటే తీసెయ్యండి. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి, లిస్టులోంచి తీసేస్తే ఇకమీదట ఇవ్వడం ఆగుతుంది, ముందే తీసుకున్నది ఆ ఆప్ దగ్గరే ఉంటుంది. నాకు గుర్తున్న ఆప్‌లలో అకౌంట్ కూడా విడిగా డిలీట్ చేశాను.

ఆరో నంబరు: సెక్యూరిటీ కోసమని తీసుకున్న ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ళు యాడ్స్‌కి వాడినందుకు 2022లో అమెరికాలో ట్విట్టర్ 15 కోట్ల డాలర్లు జరిమానా కట్టింది. ఆథెంటికేటర్‌కి ఫోన్ నంబరే అక్కర్లేదు, పైగా ఎస్‌ఎమ్‌ఎస్ కన్నా గట్టిది. మార్చేముందు, ఫోన్ పోయినా లాగిన్ అవ్వడానికి ఇచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక్కడ పని చెడింది ఒకచోట. ఆప్ బయట నేను చూసిన సైట్లు ఆ కంపెనీకి పంపే హిస్టరీని క్లియర్ చేస్తే ఆ అకౌంట్‌తో సైన్‌ఇన్ అయిన వేరే ఆప్‌లన్నీ ఒక్కసారిగా లాగౌట్ అయిపోయాయి, కొన్నిట్లో నాకు వేరే పాస్‌వర్డే లేదు. సరైన వరస ఇది: ముందు ఆ ఆప్‌లలో ఈమెయిల్, పాస్‌వర్డ్ పెట్టుకోవాలి, తర్వాత క్లియర్ కొట్టాలి. ఇంకోటి, క్లియర్ చేస్తే ఆ సమాచారాన్ని నా అకౌంట్ నుంచి విడదీస్తారు, అంతేగానీ సైట్లు పంపడం ఆగదు. పంపడం తగ్గాలంటే బ్రౌజర్లో ట్రాకర్లని ఆపే సెట్టింగు కూడా పెట్టాలి.

లెక్క: వరసలు 38, మూసినవి 21, మార్చినవి 0, మిగిలినవి 17. సున్నాల్లో రెండు మూతపడలేదు. నా నంబర్‌ని వేరేవాళ్ళు వాళ్ళ కాంటాక్ట్స్‌తో పాటు అప్‌లోడ్ చెయ్యడం నేను ఆపలేను, ఆప్ లోపల నేను దేని మీద ఎంతసేపు ఆగానో చూడటం కూడా ఆపలేను.

దశ 3: ఫోటోలు

నా సంతోషంలో ఎక్కువ భాగం ఫోటోలదే, బయటికి పోయేదాంట్లో ఎక్కువ భాగమూ వాటిదే, అందుకే ఎక్కువ కష్టపడింది ఇక్కడ.

ముందు కొలత. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫోటో ఫైల్లో ఎగ్జిఫ్ అనే భాగంలో అక్షాంశం, రేఖాంశం పడతాయి. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు, దశాంశం తర్వాత ఐదో అంకెకి వచ్చేసరికి ఒక మీటరు. ఫోన్ జీపీఎస్ గురి అంత ఉండదు, ఆకాశం బాగా కనిపించే చోట నాలుగైదు మీటర్లు. మిద్దె అంటే ఆకాశం బాగా కనిపించే చోటే కదా! బీర పాదు ఫోటో ఒకటి తెరిచి ఆ అంకెల్ని మ్యాపులో వేస్తే పిన్ను మా నీళ్ళ ట్యాంకు పక్కన పడింది.

పెద్ద సోషల్ సైట్లు పోస్టు చూసేవాళ్ళకి ఆ అంకెలు కనపడకుండా చాలావరకు తీసేస్తాయి, కానీ అప్‌లోడ్ అయిన ఫైల్లో కంపెనీకి చేరతాయి. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే ఆ అంకెలు తొలగిపోతాయి, క్వాలిటీ తగ్గకూడదని అదే ఫోటోని డాక్యుమెంట్‌లా పంపితే ఉన్నదున్నట్టు వెళ్ళిపోతాయి. మొక్కల గ్రూపుల్లో ఆకు మచ్చలు బాగా కనపడాలని మనమంతా డాక్యుమెంట్‌గానే పంపుతుంటాం, ఇది ప్రత్యేకంగా చూసుకోండి.

కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేస్తే ఒక్క దెబ్బతో అయిపోతుంది, అలా చేసి చూశాను, ఫలానా చోట తీసిన ఫోటో అని వెతికితే దొరకడం మానేసింది. ఆ వరసకి నేను వేసుకున్న మార్కులు 2. అందుకని లొకేషన్ ఆన్ చేసి, బయటికి పంపే కాపీలోంచి మాత్రం తీసే పద్ధతికి మారాను.

1. పంపాల్సిన ఫోటోల్ని వేరే ఫోల్డర్లోకి కాపీ.
2. ఎగ్జిఫ్‌టూల్‌తో ట్యాగులు (ఫైల్లో ఫోటో గురించి రాసి ఉండే వివరాలు) తీసెయ్యడం.
3. తీశాక మళ్ళీ తెరిచి చదివి చూడటం.

మొదట అన్ని ట్యాగులూ తీసేసే ఆప్షన్ వాడితే రెండు చెడ్డాయి. నిలువు ఫోటోలు అడ్డం తిరిగాయి, ఎందుకంటే ఫోన్ చాలాసార్లు బొమ్మని తిప్పకుండా "ఇటు తిప్పి చూపించు" అని ట్యాగులో రాసి వదిలేస్తుంది, ఆ ట్యాగూ పోయింది. మందారాల ఎరుపు కూడా వెలవెలబోయింది, రంగులు ఎలా చూపించాలో చెప్పే కలర్ ప్రొఫైల్ పోయినందుకు. ఇప్పుడు జీపీఎస్ ట్యాగులు, సీరియల్ నంబర్లు మాత్రం తీసి తిప్పే ట్యాగునీ కలర్ ప్రొఫైల్‌నీ ఉంచుతున్నా. ఇంకో సంగతి, ఆ టూల్ పాత ఫైలుని పక్కనే ఒరిజినల్ అని పేరు తగిలించి ఉంచుతుంది, ఫోల్డర్ మొత్తం షేర్ చేస్తే అదీ వెళ్ళిపోతుంది. కంప్యూటర్ లేకపోతే ఐఫోన్‌లో షేర్ చేసేటప్పుడు పైన ఆప్షన్స్‌లో లొకేషన్ ఆఫ్ చేస్తే చాలు.

అంకెలు పోయాక బొమ్మలో ఏం మిగిలిందో చూస్తే షీట్లోకి కొత్త వరస వచ్చింది: వెనకాల కనపడేవి. అదే బీర పాదు వెనక ఎదురు బిల్డింగు బోర్డు ఉంది. 4000 పిక్సెళ్ళ వెడల్పు ఫోటోలో బోర్డు అక్షరాల ఎత్తు 40 పిక్సెళ్ళు, హాయిగా చదవొచ్చు. సైజు తగ్గిస్తే సరిపోతుందేమో అని 1600కి తగ్గించాను, అక్షరం 16 పిక్సెళ్ళు, ఇంకా చదవొచ్చు. 1080కి తగ్గిస్తే 11 దగ్గరికి వచ్చింది, పేరు తెలిసినవాడు పోల్చేస్తాడు. కాబట్టి సైజు తగ్గించడం పరిష్కారం కాదు. పాదుకి ఇటువైపు నిలబడి గోడ వెనకాల పడేలా తియ్యడమే పరిష్కారం, దానికి ఖర్చు లేదు, ఫోటో కూడా బాగుంటుంది.

స్క్రీన్‌షాట్లలో పేర్లు కొట్టెయ్యడానికి హైలైటర్ పెన్ను వాడకండి, అది సగం పారదర్శకం, బ్రైట్‌నెస్ పెంచితే కింద అక్షరాలు కనిపిస్తాయి. నిండు నలుపు డబ్బా పెట్టాలి. క్రాప్ మీద కూడా పూర్తి నమ్మకం పెట్టుకోలేం, 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో బొమ్మలు ఎడిట్ చేసే మార్కప్ టూల్‌తో క్రాప్ చేసిన స్క్రీన్‌షాట్లలో కత్తిరించిన భాగం కొంత ఫైల్లోనే ఉండిపోయి తిరిగి తియ్యగలిగారు. ఆ లోపం సరిచేశారు గానీ నేను క్రాప్ చేశాక దాన్నే మళ్ళీ స్క్రీన్‌షాట్ తీసి ఆ రెండోది పంపుతున్నా.

లెక్క: వరసలు 39, మూసినవి 21, మార్చినవి 6, మిగిలినవి 12.

దశ 4: ఎవరు చూడాలి

అకౌంట్ ప్రైవేట్ చేసెయ్యడం అందరూ చెప్పే మందు. చేసి చూస్తే ఇన్‌స్టాలో హ్యాష్‌ట్యాగుల్లో నా పోస్టులు రావడం ఆగిపోయింది, తెలియని తోట మనుషులు వచ్చి "ఆ తెల్లపురుగుకి వేపనూనె ఇలా కొట్టండి" అని చెప్పడం ఆగిపోయింది. అది 3 మార్కుల వరస. ఇంకోవైపు పాత ఫాలోవర్లు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు, ప్రైవేట్ అనేది కొత్తగా వచ్చేవాళ్ళకే గేటు, ఉన్నవాళ్ళని ఒక్కొక్కర్నీ మనమే తియ్యాలి. కావాల్సినవాళ్ళు పోయారు, అక్కర్లేనివాళ్ళు ఉన్నారు, కాబట్టి వెనక్కి తిప్పాను.

బదులుగా రెండుగా విడగొట్టాను. తోటకి పబ్లిక్ అకౌంట్, అందులో మొహం లేదు, ఇంటిపేరు లేదు, ఊరు లేదు. ఇంటివాళ్ళకి, స్నేహితులకి ప్రైవేట్ అకౌంట్. విడగొట్టగానే తోట అకౌంట్‌ని నా కాంటాక్ట్స్‌లో ఉన్నవాళ్ళకి ఆప్ సజెస్ట్ చెయ్యడం మొదలుపెట్టింది, రెండిటికీ అదే ఫోన్ నంబర్ ఉంది. అప్పుడు చేసినవి:

1. తోట అకౌంట్‌లోంచి ఫోన్ నంబర్ తీసేసి వేరే ఈమెయిల్ పెట్టడం.
2. వేరేవాళ్ళకి సజెస్ట్ చేసే ఆప్షన్ ఆఫ్.
3. పాత యూజర్‌నేమ్‌తో పోలిక లేని పేరు. ఒకే పేరు నాలుగు చోట్ల వాడితే ఒక వెతుకుడులో నాలుగూ దొరుకుతాయి.
4. ప్రొఫైల్ ఫోటో వేరేది, ఎందుకంటే ఫోటోతో వెతికితే అదే బొమ్మ ఉన్న పేజీలన్నీ వస్తాయి.

ఆప్ నడిపే కంపెనీకి రెండూ ఒకే మనిషివని తెలిసే ఉంటుంది, ఒకే ఫోన్లో ఉన్నాయి కదా. నేను దాచేది కంపెనీ నుంచి కాదు, తోట చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇంటిదాకా రాకుండా. ఎవరి నుంచి ఏది దాస్తున్నామో ఈ తేడా షీట్లో రాసుకోకపోతే అనవసరంగా ఎక్కువ కష్టపడతాం.

తర్వాత టైము. బయటికి వెళ్ళిన ఫోటోలు అక్కడ ఉన్నప్పుడు పెట్టడం మానేసి ఇంటికి వచ్చాక పెడుతున్నా. కామెంట్లు తగ్గుతాయేమో అని గమనించాను, మాటల్లో తేడా ఏమీ లేదు, అంతే ఆప్యాయంగా అడుగుతున్నారు. పైగా అక్కడున్నంతసేపు ఫోన్ చూసుకోవడం తప్పింది. మొత్తం ప్రాజెక్టులో ఒక్కటే చేసే ఓపిక ఉందంటే ఇది చెయ్యండి, ఏ సెట్టింగూ ముట్టుకోనక్కర్లేదు.

పాత పోస్టులకి ఫేస్‌బుక్‌లో పాత పబ్లిక్ పోస్టులన్నిట్నీ ఒకేసారి ఫ్రెండ్స్‌కి పరిమితం చేసే బటన్ ఉంది. నొక్కాక వెనక్కి తిప్పే బటన్ లేదు, ఒక్కోటీ చేత్తో మార్చుకోవాలి, కాబట్టి పబ్లిక్‌గా ఉండాల్సిన తోట పోస్టుల లింకులు ముందే రాసి పెట్టుకుని తర్వాత నొక్కాను.

లెక్క: వరసలు 39, మూసినవి 22, మార్చినవి 10, మిగిలినవి 7.

దశ 5: మనవాళ్ళు, లింకులు

నా సెట్టింగులన్నీ బిగించాక కూడా లాగిన్ కాని విండోలో నా మొహం, పేరు దొరుకుతూనే ఉన్నాయి, మా పిన్ని పబ్లిక్ అకౌంట్లో. ఎవరైనా నన్ను ట్యాగ్ చేస్తే ముందు నన్ను అడిగే ట్యాగ్ అప్రూవల్ ఆన్ చేస్తే నా ప్రొఫైల్లో కనపడకుండా ఆగుతుంది, పిన్ని పేజీలో ఫోటో ఉండనే ఉంటుంది. ఇది సెట్టింగుతో తేలే పని కాదు. "ఏంట్రా, మనింట్లో అంత దాచాల్సిందేముంది" అంది పిన్ని. నేను ఉపన్యాసం ఇవ్వలేదు, ఆవిడ ఫోన్ తీసుకోలేదు, నా ఫోన్లోనే ఆ విండో తెరిచి "నువ్వెవరో తెలియనివాళ్ళకి నీ పేజీ ఇలా కనిపిస్తుంది పిన్నీ" అని చూపించాను. మనవరాలి స్కూల్ యూనిఫాం ఫోటో దగ్గర ఆగిపోయింది. "ఇది ఎవరికి పడితే వాళ్ళకి కనపడుతుందా" అని తనే అడిగి, తనే ఫ్రెండ్స్‌కి మార్పించుకుంది. ఇప్పుడు ఇంట్లో ఒప్పందం ఒకటే, పిల్లల ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టుకుంటాం, పబ్లిక్‌లో పెట్టం. ఫోటోలు తగ్గలేదు, నిజానికి గ్రూపులో ఇంకా ఎక్కువ వస్తున్నాయి.

లింకుల వరస ఆలస్యంగా చేరింది. షేర్ బటన్ ఇచ్చే లింకు చివర ప్రశ్న గుర్తు తర్వాత పొడుగ్గా ఉండే తోకలో, అది ఎవరి షేరు నుంచి వచ్చిందో ఆప్‌కి తెలిపే గుర్తు ఉంటుంది. తోట అకౌంట్ లింకుని ఇంటి గ్రూపులో పడేస్తే రెండిటినీ కలిపే దారం అదే. ప్రశ్న గుర్తు నుంచి అంతా కొట్టేసి పంపుదామంటే యూట్యూబ్ పొడుగు లింకులు పనిచెయ్యలేదు, అందులో వీడియో గుర్తే ప్రశ్న గుర్తు తర్వాత ఉంటుంది. యూట్యూబ్‌కి పొట్టి లింకు తీసుకుని అక్కడ తోక కొట్టేస్తే సరిపోతోంది, ఏదైనా పంపేముందు ఒకసారి తెరిచి చూస్తున్నా.

లెక్క: వరసలు 40, మూసినవి 22, మార్చినవి 12, మిగిలినవి 6.

దశ 6: తెరిచి ఉంచినవి

ఆ ఆరు ఇవి. రెండో దశలో మూతపడని రెండు. నేను పెట్టినదాన్ని చూసినవాళ్ళు స్క్రీన్‌షాట్ తియ్యడం. వెబ్ పేజీల్ని దాచి పెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట్ల ముందే చేరిపోయిన పాత కాపీలు. ఐదోది మొక్కల గ్రూపు లైవ్, అందులో నా గొంతు, నా మిద్దె రెండూ ఉంటాయి, అయినా మాట్లాడుకునే ఆ గంట నాకు కావాలి, వెనకాల గోడ ఉండేలా కూర్చుంటున్నా అంతే. ఆరోది పాత స్నేహితులు నన్ను పేరుతో వెతికి పట్టుకోవడం. అది మూస్తే చిన్నప్పటి బెంచీమేట్ ఎవరూ మళ్ళీ దొరకరు, కాబట్టి ప్రైవేట్ అకౌంట్ పేరు అసలుదే ఉంచాను.

ఇకముందు చెయ్యాల్సినవి:

1. ఆప్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా పర్మిషన్ల పేజీ ఒకసారి చూడటం, కొత్త ఫీచర్లు చాలాసార్లు ఆన్ అయ్యే వస్తాయి.
2. ఫోన్ మార్చినప్పుడు కాంటాక్ట్స్ సింక్ మళ్ళీ సరిచూడటం, కొత్త ఫోన్లో మళ్ళీ అడుగుతుంది, తొందరలో అలౌ కొట్టేస్తాం.
3. కొత్త ఆప్ వేసుకుంటే మొదటి రోజే అన్ని పర్మిషన్లకీ వద్దు అని చెప్పి, ఏదైనా పని ఆగినప్పుడు దానికి కావాల్సిన ఒక్కటి ఇవ్వడం, ఇచ్చినదాన్ని షీట్లో 41వ వరసగా వేసి మార్కులు రాయడం.